కంటికి కనబడని ఎండ

గడచిన సంవత్సరము ఆగస్టు మాసమున, స్వాతంత్ర్య దినోత్సవమునకు ముందు వారము, మా పాఠశాల ఆటస్థలమున బాలురకు కవాతు నేర్పుచుంటిమి. ఆ దినమున ఉదయము నుండియు ఆకాశము మబ్బు పట్టియుండెను. చల్లని గాలి వీచుచుండెను. తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు కలడు. వానికి పుట్టుకతోనే చర్మమునకును, వెండ్రుకలకును రంగు లేదు. ఇట్టి స్థితిని వైద్యులు ఆల్బినిజమందురు. వానిని ఎండలో నిలువనీయవలదని వాని తల్లి ప్రతి సంవత్సరమును చీటి వ్రాసి పంపును. మేమును వానిని వేపచెట్టు నీడను కూర్చుండబెట్టుచుందుము. ఆ దినమున వాడు మా యొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, నేడు ఎండ లేదు గదా, నేనును వరుసలో నిలుతునా?” అని అడిగెను. వాని ముఖమునందలి ఆశ చూచి మేము వెంటనే ఒప్పుకొంటిమి. పది గంటల నుండి పన్నెండు వరకు వాడు అందరితో కలిసి అడుగులు వేసెను.

మరునాడు వాని తల్లి వానిని వెంటబెట్టుకొని వచ్చినది. వాని ముంజేతులు దొండపండువలె ఎర్రబారియుండెను. మెడవెనుక బొబ్బలు లేచియుండెను. ఆమె మమ్ములను ఒక్క మాటయైనను అనలేదు. “అయ్యగారూ, చీటిలో ఎండ అని వ్రాసితిని గాని మబ్బు సంగతి వ్రాయనైతిని” అని మాత్రము అన్నది. ఇరువది యేండ్లుగా కాంతి పాఠమును బోధించుచున్న మాకు ఆ మాట వినుట కష్టముగా నుండెను. ఎండ కనబడని దినమున ఎండకు చర్మము కమలుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము మాకు తెలియనిది కాదు. తెలిసియు ఆటస్థలమున జ్ఞప్తికి తెచ్చుకొనలేదు. అందుచేత ఆ పాఠమును ఈ సంచికలో మరల వ్రాయుచున్నాము. తలిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక.

1666వ సంవత్సర ప్రాంతమున ఐజాక్ న్యూటను చీకటి గదిలోనికి సన్నని రంధ్రముగుండ సూర్యకాంతిని రానిచ్చి, దానికి అడ్డముగా గాజు పట్టకమునుంచి, ఆ కాంతి ఏడు రంగుల పట్టీగా విడిపోవుట చూచెను. పట్టీకి ఒక చివర ఎరుపు, రెండవ చివర నీలలోహితము, అనగా ఊదా రంగు. ఆ పట్టీ అంతటితో ముగిసినదనియే చాలకాలము అందరును తలంచిరి. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ ఏ రంగు ఎంత వేడి కలిగించునో కనుగొనుటకు ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచెను. ఎరుపు దాటిన తరువాత, వెలుతురే లేని చోట, పాదరసము మరింత పైకెక్కెను. కంటికి కనబడని వేడి కిరణములు అచ్చట పడుచున్నవని దానివలన తేలినది. వానినే నేడు పరారుణ కిరణములందుము.

ఒక వైపున ఎరుపునకు ఆవల కనబడని కిరణములున్నప్పుడు, రెండవ వైపున నీలలోహితమునకు ఆవల మాత్రము ఏల యుండరాదు? జర్మనీ దేశమున జేనా పట్టణములో యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అను యువకుడు 1801వ సంవత్సరమున ఈ ప్రశ్నతోనే పరిశోధన మొదలిడెను. ఉష్ణమాపకము అచ్చట పనికిరాదు. వెలుతురు తగిలిన నల్లబడు సిల్వర్ క్లోరైడు అను పదార్థము నతడు తీసికొని రంగుల పట్టీ పొడవున నుంచెను. ఎరుపులో అది ఎంతసేపటికో గాని మారలేదు. నీలములో త్వరగా మారెను. నీలలోహితమునకు ఆవల, చీకటి వలె తోచు చోట, అన్నిటికంటె త్వరగా నల్లబడెను. అవియే అతినీలలోహిత కిరణములు. వీనిని మొదట పట్టి యిచ్చినది కన్నును కాదు, వేడియును కాదు. ఒక రసాయన ద్రవ్యము నల్లబడుటయే. చర్మము సంగతి చెప్పునప్పుడు ఈ విషయము మరల అవసరమగును.

ఇక దృశ్యకాంతికిని అతినీలలోహిత కాంతికిని భేదమేమి? రెండును ఒకే జాతివి. రెండును శూన్యములో సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో ప్రయాణించును. భేదమంతయు అల పొడవులో నున్నది. చెరువులో రాయి వేసినప్పుడు లేచిన అలలలో ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు గల దూరమును తరంగదైర్ఘ్యమందుము. మీటరును నూరు కోట్ల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 700 నానోమీటర్లు; నీలలోహితమునకు 400. దానికంటె తక్కువై 100 వరకు గలవి అతినీలలోహిత కిరణములు.

పొడవు తగ్గినంత మాత్రమున ఇంత హాని ఏల కలుగవలెనని విద్యార్థులు ప్రతి సంవత్సరము అడుగుదురు. మంచి ప్రశ్నయే. కాంతి చిన్న చిన్న మూటలుగా శక్తిని ఇచ్చుచున్నదని 1905వ సంవత్సరమున ఐన్‌స్టీను చూపెను. ఆ మూటలకే ఫోటానులని పేరు. తరంగదైర్ఘ్యము సగమైనచో మూటలోని శక్తి రెట్టింపగును. కావున 600 నానోమీటర్ల నారింజ రంగు ఫోటానుకంటె 300 నానోమీటర్ల అతినీలలోహిత ఫోటాను రెండింతలు బలము కలది. చింతచెట్టుపై గుప్పెళ్లతో ఇసుక ఎంతసేపు విసరినను కాయ రాలదు. తగిన రాయి ఒక్కటి తగిలిన రాలును. దృశ్యకాంతి ఎంత మెండుగా పడినను సామాన్యముగా చర్మములోని అణువుల బంధములను త్రెంపజాలదు. నేలను చేరు సూర్యశక్తిలో అతినీలలోహితపు పాలు నూటికి అయిదింటికి మించకున్నను, ఒక్కొక్క మూట బలమైనది గనుక ఆ పని చేయగలదు.

ఇచ్చట ఒక సాధారణమైన పొరపాటును దిద్దవలసియున్నది. బ్యాంకులలోను, అంగళ్లలోను నోట్లను పరీక్షించు దీపము ఊదా రంగుతో వెలుగుట చూచి, అదియే అతినీలలోహిత కాంతి అని మన బాలురు చెప్పుదురు. కాదు. కనబడు ఊదా రంగు ఆ దీపమునుండి వెలువడు కొద్దిపాటి దృశ్యకాంతి మాత్రమే. అతినీలలోహితము కనబడదు, అది నోటులోని భద్రతా దారమునకు తగిలినప్పుడు ఆ దారము దానిని గ్రహించి కనబడు పసుపు వెలుగుగా మార్చి యిచ్చును. మన కంటిలోని ముందుపొరయు, కటకమును ఈ కిరణములను చాలవరకు పీల్చివేయుటచే అవి లోపలి తెరను చేరవు. తేనెటీగకు అట్టి అడ్డు లేదు. మనకు మొత్తము పసుపుగా తోచు పొద్దుతిరుగుడు పూవులో అది నడుమ నల్లని వలయమును చూచి తేనె యున్న చోటికి తిన్నగా వచ్చును.

అతినీలలోహిత కిరణములను శాస్త్రజ్ఞులు మూడు తెగలుగా విభజించిరి. 315 నుండి 400 నానోమీటర్ల వరకు గలవి ‘ఎ’ తెగ. 280 నుండి 315 వరకు ‘బి’ తెగ. 280కి తక్కువవి ‘సి’ తెగ. ‘సి’ తెగ సూక్ష్మజీవులను చంపగల తీక్ష్ణమైనది. దేవుని దయవలన అది నేలను చేరదు. భూమికి పైన సుమారు 15 కిలోమీటర్లు మొదలు 35 కిలోమీటర్ల వరకు ఓజోను వాయువు పలుచగా వ్యాపించియున్నది. ఫ్రాన్సు దేశీయులైన ఫాబ్రీ, బ్యూసన్ అనువారు 1913లో దీనిని కనుగొనిరి. ఈ వాయువును, ప్రాణవాయువును కలిసి ‘సి’ తెగను పూర్తిగను, ‘బి’ తెగలో అధికభాగమును పీల్చివేయును. ‘ఎ’ తెగకు అంతగా అడ్డు లేదు. శీతల యంత్రములలో వాడిన కొన్ని వాయువులవలన దక్షిణ ధ్రువముపైని ఓజోను ప్రతి వసంతమునను క్షీణించుచున్నదని 1985లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1987లో మాంట్రియల్ నగరమున దేశములు ఆ వాయువులను తగ్గించుటకు ఒడంబడిక చేసికొనెను. ఆ ఒడంబడికను చాలవరకు పాటించుటచే ఓజోను మెల్లమెల్లగా కోలుకొనుచున్నది.

ఇప్పుడు మబ్బు దినమునకు వత్తము. కాంతి గాలి అణువులకు తగిలి నలుదెసలకు చెదరును. పొట్టి అలలు ఎక్కువ చెదరును. ఎంత ఎక్కువయన, తరంగదైర్ఘ్యము సగమైనచో చెదరుట పదునారింతలగును. ఆకాశము నీలముగా కనబడుటకు కారణమిదియే. నీలముకంటె అతినీలలోహితము ఇంకను ఎక్కువగా చెదరును గనుక, అది సూర్యబింబమునుండి తిన్నగా మాత్రమే గాక ఆకాశమంతటినుండియు మనపై కురియును. పలుచని మబ్బు దీనిలో నూటికి ఎనుబది పాళ్ల వరకు లోపలికి రానిచ్చును. దట్టమైన కారుమబ్బు మాత్రము చాలవరకు ఆపును. కాని మబ్బులోని నీరు వేడి కిరణములను బాగుగా పీల్చివేయును. ఆ దినమున మాకు చల్లగా నుండుటకు కారణమదియే. వేడి తగ్గినది, వెలుతురు తగ్గినది. చర్మమును కమలించు కిరణములు మాత్రము వచ్చుచునే యుండెను. మేము ఒంటికి చల్లగా నుండుట చూచి ఎండ లేదని నిర్ణయించితిమి. అదియే మా తప్పు.

వేడికిని చర్మము కమలుటకును సంబంధము లేదని రెండు వందల యేండ్ల క్రిందటనే ఒకరు కనుగొనిరి. ఎవరార్డ్ హోమ్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు తన చేతులను ఎండలో నుంచి, ఒక దానిని నల్లని గుడ్డతో కప్పెను. నల్లగుడ్డ వేడిని గుంజును గనుక దాని క్రింది చేయి మరింత వేడెక్కెను, అయినను కమలలేదు. కప్పని చేయి కమలెను. ఈ సంగతి 1821లో ప్రచురింపబడెను. ఆ వెనుక 1889లో స్వీడను దేశీయుడైన విడ్‌మార్క్ విద్యుద్దీపపు కాంతిని వడకట్టి, వేడి కిరణములను తీసివేసినను చర్మము కమలుననియు, అతినీలలోహితమును తీసివేసిన కమలదనియు స్థిరపరచెను. మన వాడుకలో వడదెబ్బయు, ఎండకు కమలుటయు రెండును ‘ఎండ దెబ్బ’యే. కాని వడదెబ్బ వేడివలన కలుగునది. నీడలోనున్నను, ఇంటిలోనున్నను తగులవచ్చును. కమలుట వేరు. ఒకదానికి మజ్జిగయు చల్లని చోటును కావలెను. రెండవదానికి గుడ్డయు నీడయు కావలెను.

చర్మములో జరుగునదేమనగా: ‘బి’ తెగ కిరణములు పైపొరయైన బాహ్యచర్మముననే చాలవరకు ఆగిపోవును. అచ్చటి కణముల కేంద్రకములలో డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. కణము తన పనియంతయు దానినుండియే నేర్చుకొనును. కిరణము తగిలినప్పుడు ఆ దారములో ప్రక్కప్రక్కనున్న రెండు థైమీను భాగములు ఒకదానికొకటి అంటుకొనిపోవును. కణము వీనిని కత్తిరించి సరిచేసికొనును. మరమ్మతు సాగనంత దెబ్బ తగిలిన కణము తనంతట తాను చచ్చును. దెబ్బతిన్న కణముల పిలుపునకు రక్తము అచ్చటికి పరుగెత్తుటయే మనము చూచు ఎరుపు. ఇందుకు కొన్ని గంటలు పట్టును. నాలుగైదు గంటలకు మొదలై, మరునాటికి ముదురును. ఆ బాలుడు సాయంకాలమువరకు సంతోషముగా తిరుగుచుండి, రాత్రి మంటతో నిద్రపోకుండుటకు కారణమిదియే. నిప్పు తగిలిన చేయి వెంటనే వెనుకకు లాగుకొందుము. ఈ దెబ్బకు అట్టి హెచ్చరిక లేదు. సరిగా మరమ్మతు కాని పొరపాటులు ఏండ్ల తరబడి చేరి కొందరికి చర్మపు క్యాన్సరుగా పరిణమించును. ఆల్బినిజము గలవారికి ఈ భయము మిక్కిలి యెక్కువ. ‘ఎ’ తెగ కిరణములు లోపలి అంతశ్చర్మమువరకు దిగి, చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెన్ పోగులను పాడుచేయును. పొలములో పనిచేయు వృద్ధుల మెడపై ముడతలను, అదే మనుష్యుని చొక్కా క్రింది చర్మమును పోల్చి చూడుడు.

ఈ దాడికి చర్మమునకున్న డాలు మెలనిన్ అను రంగు పదార్థము. బాహ్యచర్మము అడుగున నున్న కొన్ని కణములు దీనిని తయారుచేసి ప్రక్క కణములకు పంచిపెట్టును. ఆ కణములు మెలనిన్ రేణువులను తమ కేంద్రకముపై గొడుగువలె పేర్చుకొనును. ఈ విషయమును సూక్ష్మదర్శినిలో తీసిన చిత్రములందు చూచినప్పుడెల్ల మాకు ఆశ్చర్యము కలుగును. మెలనిన్ చేయు కణముల సంఖ్య నల్లవారికిని, తెల్లవారికిని ఇంచుమించు సమానమే. అవి ఎంత రంగు చేయునను దానిలోనే భేదము. ఆల్బినిజము గలవారికిని ఆ కణములున్నవి. రంగు చేయు సాధనము మాత్రము పుట్టుకతోనే లోపించినది.

మా బాలికలలో కొందరు ముఖము తెల్లబడుటకై అంగళ్లలో లేపనములు కొనుచున్నారని విన్నాము. తలిదండ్రులే కొనిపెట్టుచున్నారనియు విన్నాము. అట్టి కొన్ని లేపనములలో పాదరసమున్నట్లు పరీక్షలలో తేలినది. పాదరసము మూత్రపిండములను చెరచును. మరికొందరు నిమ్మచెక్క ముఖమునకు రుద్దుకొని ఎండలోనికి వత్తురు. నిమ్మ తొక్కలోని ఒక పదార్థము ‘ఎ’ తెగ కిరణములతో కలిసినప్పుడు చర్మమును కాల్చి, నెలల తరబడి పోని నల్లమచ్చలను మిగుల్చును. తెల్లబడుటకు చేసిన పని నల్లమచ్చలకే దారితీయును. ఇట్టి జాతి పదార్థమే బావంచాలలోను కలదు. బొల్లి మచ్చలకు బావంచాలు పూసి ఎండ చూపుట మన దేశపు ప్రాచీన వైద్యము. అది వైద్యుని చేతిలో మందు. తెలియనివారి చేతిలో బొబ్బ. నల్లని చర్మము ఈ దేశపు ఎండకు తగినట్టి చర్మము. దానిని చెరపుటకు డబ్బు ఖర్చుపెట్టుటను మేము ఎట్లు సమర్థింపగలము?

నలుపు ఉన్నంత మాత్రమున సంపూర్ణ రక్షణ లేదు. కన్నుల కీ డాలు లేదు. ఏండ్ల తరబడి తీవ్రమైన ఎండలో పనిచేయువారికి శుక్లములు వచ్చుటకు ఈ కిరణములు ఒక కారణము. ఇనుము అతుకువేయు వెల్డింగు పనివద్ద పుట్టు వెలుగులో ‘సి’ తెగ సహితము ఉండును. మా విద్యార్థి ఒకడు ఆ మెరుపులను వేడుకగా చూచి, ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లున్నదని ఏడ్చెను. రెండు దినములలో తగ్గినది. దానిని చూడరాదని ఇదివరకే చెప్పియుంటిమి, మరల చెప్పుచున్నాము.

ఇంతవరకు చదివినవారు పిల్లలను ఎండలోనికే పంపరాదని తలంతురేమో. అట్లు చేసిన వేరొక కీడు కలుగును. ఐరోపా పట్టణములలో పొగచేత ఎండ సోకని యిరుకు వీథుల పిల్లలకు ఎముకలు మెత్తబడి కాళ్లు వంగు రికెట్సు వ్యాధి విరివిగా నుండెడిది. జపాను దేశమున వైద్య మిషనరీగా పనిచేసిన థియోబాల్డ్ పామ్ అను వైద్యుడు, ఇంగ్లండునందు అంతగా కనబడు ఈ వ్యాధి జపానులో కనబడకుండుట చూచి విస్మయమంది, ఇతర దేశములలోని మిషనరీల అనుభవమునుగూడ సేకరించి, ఎండ లేమియే దీనికి కారణమని 1890లో వ్రాసెను. ఆనాడు ఆ మాటను లక్ష్యపెట్టినవారు తక్కువ. 1919లో బెర్లిను నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రికెట్సు గల పిల్లలకు పాదరస దీపపు అతినీలలోహిత కాంతిని చూపి, ఎముకలు గట్టిపడుట ఎక్సురే చిత్రములలో చూపెను. ‘బి’ తెగ కిరణములు చర్మములోని ఒక కొవ్వు పదార్థమును విటమిను ‘డి’గా మార్చుటకు దారి తీయునని ఆ తరువాత తెలిసినది.

అందుచేత తలిదండ్రులకు రెండు మాటలు. కిటికీ అద్దము ‘బి’ తెగను ఇంచుమించు పూర్తిగా ఆపివేయును. అద్దము వెనుక కూర్చుండిన పిల్లకు వెచ్చదనము దొరకును గాని విటమిను ‘డి’ దొరకదు. తెల్లవారుజామున వచ్చు నీరెండ హాయి యిచ్చునదే కాని, సూర్యుడు దిగువనున్నప్పుడు కిరణములు ఓజోనులో ఏటవాలుగా ఎక్కువ దూరము పోవలసి వచ్చుటచే ‘బి’ తెగ మిక్కిలి తక్కువగా వచ్చును. ఉదయము కొంత ప్రొద్దెక్కిన పిదప చేతులకు, కాళ్లకు కొంతసేపు ఎండ తగులుట మేలు. చామనచాయవారికిని నల్లవారికిని కొంచెము ఎక్కువ సేపు కావలెను. ఎప్పుడును కమలునంతసేపు మాత్రము ఉండరాదు. దినమంతయు ఇంటిలోనే యుండు బాలికలను గూర్చి మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. పుట్టిన బిడ్డకు పచ్చకామెరలు కనబడిన కొందరు ఎండలో పెట్టుదురు. ఆసుపత్రిలో దానికి వాడునది అతినీలలోహితము కాదు, దృశ్యమైన నీలకాంతి. బిడ్డను అచ్చటికే తీసికొనిపోవలెను.

మా బాలుని బొబ్బలు పది దినములలో మానెను. అప్పటినుండి వాడు పొడవు చేతుల చొక్కాయు, వెడల్పు అంచు టోపీయు ధరించి వచ్చుచున్నాడు. వైద్యుడు చెప్పిన లేపనమును ముఖమునకు రాసుకొనుచున్నాడు. సన్నని తడి గుడ్డకంటె దట్టమైన నేత పొడి గుడ్డ ఎక్కువ కాపాడునని వానికి నేర్పితిమి. మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా నున్నప్పుడు ఈ కిరణములు తీవ్రముగా నుండునను గురుతునుగూడ చెప్పితిమి. అందుకు వాడు, “మబ్బు దినమున నీడ పడదు గదా, మాస్టరుగారూ?” అని అడిగెను.

ఈ ప్రశ్నకు సమాధానమును వాడే తయారుచేసెను. ఎండ కాసిన దినములలో ఒక మీటరు కఱ్ఱను ఆటస్థలమున నిలువుగా నాటి, దాని నీడ సరిగా ఒక మీటరగు వేళను ప్రతి వారము గడియారము చూచి వ్రాసెను. ఆగస్టు మొదటి వారమున అది ఉదయము తొమ్మిదింపావు ప్రాంతమునను, మరల మధ్యాహ్నము మూడు దాటిన పిదపను వచ్చినది. ఆ పట్టికను ఉపాధ్యాయుల గది తలుపుపై అంటించితిమి. ఈ సంవత్సరము కవాతు ఏడు గంటలకు మొదలై ఎనిమిదిన్నరకు ముగిసెను. వాడు టోపీ పెట్టుకొని రెండవ వరుసలో నిలిచెను. వాని తల్లి పంపిన చీటిలో ఈ సారి మబ్బు సంగతికూడ వ్రాసియున్నది.